కుకీ చరిత్ర: వ్యక్తిగత గోప్యతపై డిఫాల్ట్ అమరిక ప్రభావం

ఒకే వెబ్‌సైటును ఇద్దరు తెరిస్తే ఇద్దరికీ వేర్వేరు ప్రకటనలు కనిపించడం నేడు సర్వసాధారణం. ఈ వ్యక్తిగతీకరణకు తొలి ఆధారంగా నిలిచిన సాధనం కుకీ. వినియోగదారుడు ఏ మార్పూ చేయనప్పుడు బ్రౌజర్ దానంతట అదే పాటించే డిఫాల్ట్ అమరిక గోప్యతను ఎంతగా శాసించిందో కుకీ చరిత్ర తెలియజేస్తుంది.

వెబ్ తొలినాళ్లలో జ్ఞాపకం లేని వ్యవస్థ. ఒక పుటను కోరిన వ్యక్తే మరుక్షణం మరో పుటను కోరినా సర్వర్ గుర్తించలేకపోయేది. ఆన్‌లైన్ దుకాణంలో ఎంచుకున్న వస్తువులను గుర్తుంచుకోవలసిన అవసరం ఏర్పడినప్పుడు, 1994లో నెట్‌స్కేప్ ఇంజనీరు లూ మోంటుల్లి కుకీని రూపొందించారు. సర్వర్ పంపిన చిన్న సమాచారాన్ని బ్రౌజర్ దాచుకొని, తిరిగి ఆ సర్వర్‌కే అందజేస్తుంది. ఒక సైటు కుకీని మరో సైటు చదవలేదు. ఆ మేరకు ఇది గోప్యతను పాటించిన రూపకల్పనే.

అయితే పుటలోని ప్రకటన తరచుగా వేరొక సంస్థ సర్వర్ నుండి వస్తుంది. ఆ సర్వర్ కూడా తన కుకీని ఉంచగలదు. అనేక సైట్లలో ప్రకటనలు ప్రదర్శించే సంస్థకు, ఒకే పాఠకుడు ఎక్కడెక్కడ సంచరించాడో దీనివల్ల తెలిసిపోతుంది. ఈ పద్ధతిలో ఎదిగిన డబుల్‌క్లిక్ 1999లో, కేటలాగు కొనుగోళ్ల వివరాలు గల అబాకస్ డైరెక్ట్‌ను కొనుగోలు చేసి, పేరు లేని జాడలకు అసలు పేర్లను జోడించాలని సంకల్పించింది. తీవ్ర నిరసన, అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ విచారణల నడుమ 2000 మార్చిలో ఆ ఆలోచనను పక్కన పెట్టింది. 2008లో డబుల్‌క్లిక్ గూగుల్ వశమైంది.

ఈ ప్రమాదాన్ని ముందుగా ఎవరూ ఊహించలేదనడం సరికాదు. మోంటుల్లి సహరచయితగా 1997 ఫిబ్రవరిలో వెలువడిన ఆర్‌ఎఫ్‌సి 2109 అనే ప్రమాణపత్రం, ఇటువంటి ఇతర సర్వర్ల కుకీలను డిఫాల్ట్‌గా అనుమతించరాదని నిర్దేశించింది. ప్రకటన సంస్థలు వ్యతిరేకించాయి. నాటి ప్రధాన బ్రౌజర్లైన నెట్‌స్కేప్, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ దానిని పాటించలేదు. అమరికను వెతికి మార్చుకునే భారం పాఠకుడిపై పడింది. రెండు దశాబ్దాల తరువాత, 2019లో ఫైర్‌ఫాక్స్ జాడ తీసే కుకీలను, 2020లో సఫారి ఇతర సంస్థల కుకీలన్నింటినీ డిఫాల్ట్‌గా నిరోధించాయి. రెండేళ్లలో తొలగిస్తామని 2020లో ప్రకటించిన గూగుల్ క్రోమ్, పలు వాయిదాల అనంతరం 2024లో ఆ ప్రణాళికను విరమించుకుంది.

భారతదేశంలో ఈ ప్రశ్నకు చట్టం వైపు నుండి సమాధానం వచ్చింది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం, సమ్మతిపై ఆధారపడి డేటాను సేకరించేటప్పుడు ఆ సమ్మతి స్పష్టమైన చర్య ద్వారా వ్యక్తం కావాలి. మౌనం అర్ధాంగీకారమన్న లోకోక్తిని ప్రకటన వ్యాపారం పూర్తి అంగీకారంగా మార్చుకుంది. 1997లో ప్రమాణపత్రం బ్రౌజర్ల నుండి కోరిన జాగ్రత్తనే నేటి చట్టం సంస్థల నుండి కోరుతున్నదని చెప్పవచ్చు.