షజ్రాలో లేని అమ్మలు

మనలో చాలా కుటుంబాల వద్ద షజ్రా వుంటుంది. పాత ట్రంకు పెట్టెలో గుడ్డ చుట్టి దాచిన కాగితం. మా ఇంటి షజ్రాలో తొమ్మిది తరాల పేర్లున్నాయి. అన్నీ మగవారివే. ఫలానా వారి కుమారుడు ఫలానా, అంతే. ఆ తొమ్మిది తరాల బిడ్డలను కన్న తల్లులెవరో ఆ కాగితానికి తెలియదు. పెండ్లి మాటలప్పుడు మాత్రం అదే పైకొస్తుంది. "మేము అరబ్బు నుంచి వచ్చినవాళ్ళం" అని ఒకరు, "మాది ఇరాన్" అని ఇంకొకరు. పిల్ల చదువు, గుణం అడక్కుండా ఖాన్‌దాన్ పేర సంబంధం తిప్పిపంపటం నేను కళ్ళారా చూశాను.

ఆ తల్లుల సంగతి చెప్పే సాక్ష్యం ఒకటి మన ఒంట్లోనే వున్నది. మన కణాలలో మైటోకాండ్రియా అనే సూక్ష్మ భాగాలుంటాయి. వాటికి సొంత డి.ఎన్.ఎ. వుంటుంది. అది తల్లి నుంచే బిడ్డకు వస్తుంది. కొడుక్కీ వస్తుంది, కూతురికీ వస్తుంది. ముందు తరానికి అందించేది మాత్రం కూతురే. ఎన్నో తరాలకొకసారి అందులో చిన్న మార్పు జరుగుతుంది. ఆ మార్పులను పోల్చి ఏ శాఖ ఏ ప్రాంతంలో ఎక్కువో చెబుతారు. ఇప్పుడున్న మనుషులందరి మాతృశాఖలూ ఆఫ్రికాలోని ఒక స్త్రీ వద్ద కలుస్తాయని 1987లో రెబెకా కాన్, మార్క్ స్టోన్‌కింగ్, అలన్ విల్సన్ ప్రకటించారు. ఆమెకు ఈవ్ అన్న పేరు వాడుకలోకి వచ్చింది. మనం హవ్వా అంటామే, ఆ పేరే. ఐతే ఆ కాలంలో ఆమె ఒక్కతే స్త్రీ అని కాదు. మిగతావారి కూతుళ్ళ వరస ఎక్కడో ఒకచోట ఆగిపోయింది.

ఇంగ్లండులో ఒక విచిత్రం జరిగింది. 1485లో యుద్ధంలో చనిపోయిన మూడవ రిచర్డ్ రాజు అస్థిపంజరం 2012లో లీసెస్టర్‌లో, కార్లు నిలిపే స్థలం కింద దొరికింది. రాజుగారి అక్క సంతతిలో, కూతుళ్ళ వరసలో వచ్చినవారి మైటోకాండ్రియల్ డి.ఎన్.ఎ. ఆ ఎముకలతో సరిపోయింది. కాగితాల మీద ఘనంగా నడిచిన మగ వరసవారిది మాత్రం సరిపోలేదు. అంటే మగ వరస మధ్యలో ఎక్కడో తెగిందన్న మాట. రాజుల షజ్రా గతే అదైతే, మన కాగితాల గురించి వేరే చెప్పాలా!

ఇక మన సంగతి. హైదరాబాదు సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు గూడా పాల్గొన్న ఒక పరిశోధన 2010లో వెలువడింది. భారతదేశంలోని కొన్ని ముస్లిం సముదాయాలను పరీక్షించారు. వారిలో చాలామంది వంశమూలం ప్రధానంగా ఇరుగుపొరుగు ముస్లిమేతరులదేనని తేలింది. అరబ్బు, పశ్చిమాసియా, ఆఫ్రికా జాడలు కొద్దిగా వున్నాయి. ఆఫ్రికా జాడలలో ఒకటి తల్లి వైపుది.

హైదరాబాదు బర్కస్ పేరు 'బారక్స్' అన్న మాట నుంచి వచ్చింది. నిజాం కొలువులో చేరిన హద్రమౌత్ అరబ్బుల బస్తీ అది. ఎ.సి. గార్డ్స్ అంటే ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. సముద్రం దాటి సైన్యంలో చేరిన మగవారు చాలామంది ఇక్కడి ఆడవారినే పెండ్లాడారు. అలాంటి ఇంట్లో తండ్రి పేరు యెమెన్ చెప్పినా, జోలపాట దక్కన్‌దే. అందులో తలవంపులేమిటి?

మనం అన్నిటికన్నా గొప్పదనుకునే సయ్యద్ వంశమే హజ్రత్ ఫాతిమా (ర.అ.) ద్వారా, అంటే కూతురి ద్వారా నడిచింది. ఈ సంగతి తెలిసీ మనం కూతుళ్ళ పేర్లు రాయం!

ఐతే పరీక్షకు తొందరపడేవారు ఒక లెక్క వేసుకోవాలి. పది తరాలు వెనక్కి పోతే ఒక మనిషికి 1024 మంది పూర్వీకుల స్థానాలు. తల్లి వరస చూపేది అందులో ఒక్కరిని. షజ్రా చూపేదీ ఒక్కరినే. మిగతా 1022 మంది సంగతి రెంటికీ తెలియదు. మతం, ఊరు, ఇంటిపేరు ఏవీ డి.ఎన్.ఎ.లో రాసి వుండవు.

నేను పరీక్ష చేయించుకోలేదు. ముందు మా అమ్మను కూర్చోబెట్టి అడిగాను. అమ్మ, నానీమా, నానీమా తల్లి: మూడు పేర్లు షజ్రా వెనక వైపు రాసుకున్నాను. నాలుగవ ఆమెను ఇంట్లో అందరూ "ఒంగోలు బీబీ" అనేవారట. అసలు పేరు అమ్మకు గూడా తెలియదు.