జంట నక్షత్రములు, పెరటి దుర్భిణులు



వివాహవేళ వధూవరులకు అరుంధతిని చూపుట మన యాచారము. సప్తర్షి మండలమున తోకచివరినుండి రెండవ చుక్క వసిష్ఠుడు. ఆయన ప్రక్కను మినుకుమినుకుమనుచుండు చిన్నచుక్క అరుంధతి. నేను తెలుగు పండితుడను, నాలుగు శ్లోకములు వచ్చినవాడను గనుక, పురోహితుని ప్రక్క నిలిచి ఆ చుక్కను చూపు పని మా బంధువర్గమున చిరకాలము నాకే ఒప్పగింపబడుచుండెను. ముహూర్తము పట్టపగలైనను చేయి పైకెత్తి, "అదిగో అరుంధతి" అనెడివాడను. వరుడు తలయూచెడివాడు. ఒకనాడు మా అన్నగారి మనుమరాలు, పెండ్లికూతురు, పందిరి ఆకులవైపు కొంతసేపు చూచి, "తాతగారూ, మీకు నిజముగా కనబడుచున్నదా?" అని అడిగినది. "కనబడుచున్నది తల్లీ" అంటిని. అబద్ధమాడరాదని బడిపిల్లలకు ముప్పదియేండ్లు చెప్పినవాడను అగ్నిసాక్షిగా ఆడిన మాట యది.

ఆ రాత్రి అందఱును భోజనములలో నుండగా ఊరి వెలుపలి పొలముగట్టున నిలిచి చూచితిని. వసిష్ఠుడు కనబడెను, అరుంధతి కనబడలేదు. అరుంధతి కానరానివానికి ఆయువు మూడినదని పెద్దలందురు. ఈ సంగతి నోరుజాఱి ఇంట చెప్పుటచే నా భార్య మూడుదినములు సరిగా అన్నము తినలేదు. తీరా వైద్యునికడకు పోగా, కన్నులలో శుక్లములు ముదిరినవని తేలినది. అవి తీయించుకొన్న నెలలోపలనే అరుంధతి మఱల దర్శనమిచ్చినది. ఆమె కరుణించెననవలెనా, వైద్యుడు కరుణించెననవలెనా, ఆ విచారమునకు నేను పోలేదు.

నా పూర్వశిష్యుడొకడు తపాలా కచేరిలో ఉద్యోగి. అతడు తన పెరటిలో, బావిగట్టుప్రక్క, మూడంగుళముల గాజుగల చిన్న దుర్భిణి నొకదానిని నిలుపుకొనినాడు. నా కన్నులు బాగుపడినవని విని నన్ను పిలిచికొనిపోయెను. స్థూలారుంధతీ న్యాయము మీరెఱుగుదురు. సూక్ష్మమైనదానిని చూపదలచినవాడు ముందు దాని ప్రక్కనున్న పెద్దదానిని చూపవలెను. అతడును ముందు వసిష్ఠునే చూపెను. నేను గాజులో చూచి తలయెత్తి, "నాయనా, నీ దుర్భిణి చెడినది, ఒక్క చుక్క రెండుగా కనబడుచున్నది" అంటిని. అతడు నవ్వి, "మాస్టారూ, చెడలేదు, ఆయన నిజముగానే ఇద్దఱు" అనెను.

వసిష్ఠుడు జంటనక్షత్రమని గెలీలియో శిష్యుడగు కాస్టెల్లి 1617లో కనిపెట్టి, తాము కూడ చూడవలసినదని గురువునకు వ్రాసెను. శిష్యుడు గురువునకు చూపుట నాటినుండియే కలదన్నమాట. మన దేశమునను అట్టి యొక ఘట్టము జరిగినది. 1689లో పుదుచ్చేరినుండి ఒక తోకచుక్కను పరిశీలించుచుండిన రిషో అను క్రైస్తవ మతాచార్యుడు, దక్షిణాకాశమున మిక్కిలి కాంతిగల ఆల్ఫా సెంటారీ అను తార రెండుగా నుండుట చూచెను. కాని ఆనాడు ఇవి వింతలుగానే యుండెను. రెండు తాటిచెట్లు ఒకదానివెనుక నొకటి మైలు దూరమున నున్నను, మనము నిలిచిన చోటినిబట్టి జోడుగా కనబడవా? చుక్కల జంటలును అట్టి దృష్టిభ్రమలే యని పెక్కుమంది తలచిరి. అట్లు కాదనియు, ఇన్ని జంటలు కేవలము కాకతాళీయముగా నేర్పడుట లెక్కకు పొసగదనియు 1767లో మిచెల్ అను ఆంగ్ల మతాచార్యుడు గణితముచే వాదించెను. వాదము సరే, చూచినవారెవరు?

చూచినవాడు వృత్తిచే సంగీతవిద్వాంసుడు. జర్మనీ దేశమునుండి వచ్చి ఇంగ్లండులోని బాత్ పట్టణమున పాఠములు చెప్పి బ్రతికిన విలియం హెర్షెల్, దుర్భిణి అద్దములను తానే సానబట్టుకొని, ఇంటివెనుక తోటలో రాత్రులు గడిపెను. జంటచుక్కలను వెదకుచుండగానే 1781 మార్చి 13వ తేదీన యురేనస్ గ్రహము ఆయన కంటబడెను. లోకమా గ్రహమునకే ఆయనను కొనియాడినది గాని, ఆయన జంటలను విడువలేదు. 1782లో 269 జంటల పట్టికను ప్రకటించెను. ఆయన యాశ వేఱు: భూమి సూర్యుని చుట్టివచ్చుటలో దగ్గఱి చుక్క దూరపుచుక్కనుండి కొంచెము కదలినట్లు కనబడునేమో, దానివలన నక్షత్రముల దూరము తెలియునేమో యని. దూరము తెలియలేదు. ఇరువదియైదేండ్ల పిమ్మట పాత కొలతలను క్రొత్తవానితో సరిచూచుకొనగా, కొన్ని జంటలలో ఒక చుక్క రెండవదాని చుట్టును మెల్లగా తిరుగుచున్నట్లు తేలినది. మన పునర్వసువులోని కాస్టర్ తార అందు ముఖ్యమైనది. ఆ జంట ఒకసారి తిరిగివచ్చుటకు ఇంచుమించు నాలుగువందల యేబది యేండ్లు పట్టును. 1803లో హెర్షెల్ ఈ సంగతిని లోకమునకు చెప్పెను. ఆడపిల్లలు చేతులు పట్టుకొని ఒప్పులకుప్ప తిరుగుదురు గదా. ఇద్దఱిలో ఎవరును నిలిచియుండరు, ఇద్దఱి నడుమనున్న చోటు మాత్రము కదలదు. ఈ చుక్కల తిరుగుడును అట్టిదే.

1827లో సవారి అను ఫ్రెంచి గణితజ్ఞుడు సప్తర్షుల ప్రాంతముననే యున్న 'క్సై' అను జంటకు, న్యూటన్ ఆకర్షణ సూత్రము ననుసరించి, కక్ష్య గట్టెను. లెక్క సరిపోయినది. చెట్టునుండి పండును రాల్చు శక్తియే అంతదూరమున నక్షత్రములను త్రిప్పుచున్నదని దీనివలన దృఢపడెను. అంతకంటె మేలొకటి కలిగెను. రెండుచుక్కలు ఎంత యెడమున ఎంత కాలమున తిరుగుచున్నవో తెలిసి, వాని దూరమును తెలిసినచో, వాని బరువు తెలియును. నక్షత్రములను తూచుటకు మనుష్యునికి దొరకిన మొదటి త్రాసు జంటచుక్కలే.

ఇక నాకు మిక్కిలి యిష్టుడైన వానిని గూర్చి చెప్పెదను. అమెరికాలోని చికాగో నగరమున బర్న్‌హామ్ అను కోర్టు వ్రాతగాడుండెను. 1838లో పుట్టినవాడు. పగలెల్ల వకీళ్ళు, సాక్షులు పలుకు మాటలను సంకేతలిపిలో వ్రాసికొనుట ఆతని జీవిక. వేధశాలలో చదువుకొనినవాడు కాడు. ఆరంగుళముల గాజుగల దుర్భిణి నొకటి చేయించి పెరటిలో నిలిపెను. జంటలన్నియు పెద్దలు పట్టికలకెక్కించిరనియు, క్రొత్తవి మిగులలేదనియు పలువురు తలచుచుండిన కాలమది. 1873లో ఆతడు 81 క్రొత్త జంటల పట్టికను అచ్చువేయించెను. తన జీవితమున కనిపెట్టినవి దాదాపు 1300. పిమ్మట పెద్ద వేధశాలలవారే ఆతనిని పిలిచికొనిరి. లిక్ వేధశాలలో నాలుగేండ్లు పనిచేసి, తిరిగి కోర్టు కొలువునకే వచ్చి, యెర్కిస్ వేధశాల పెద్ద దుర్భిణికడకు తీఱిక దినములలో పోవుచుండెను. 1906లో 13,665 జంటల మహాపట్టికను వెలువరించెను. కొలువు చేయువానికి విద్యకు తీఱిక ఏది యని మాయొద్ద విసువుకొనిన యువకులెందఱో కలరు. వారికి నేను బర్న్‌హామ్ కథ చెప్పుచుందును; కొందఱు మఱల రారు.

పెరటి వేధశాల పరదేశపు వస్తువని యనుకొనవలదు. మన విశాఖపట్టణమున గోడె వేంకట జగ్గారావుగారు 1840లో తమ యింటనే వేధశాలను నెలకొల్పిరి. వారి యల్లుడు అంకితం వేంకట నరసింగరావుగారు, శుక్రుడు సూర్యబింబమున కడ్డముగా నడచిన 1874లో ఆ వింతను అచ్చటనుండి పరిశీలించిరి.

జంటను చూచుటకు కావలసినది ఏమనగా, కొలత. చంద్రబింబముయొక్క వెడల్పు సుమారు అరభాగ. ఒక భాగను 3600 పాళ్ళు చేసినచో ఒకపాలు వికల. నాలుగైదు కిలోమీటర్ల దూరమున నిలిపిన రూపాయి బిళ్ళ వెడల్పు ఒక వికలకు సరిపోవును. వసిష్ఠుని జంట యెడము 14 వికలు. చిన్న దుర్భిణికిని లొంగును. మూడంగుళముల గాజు, గాలి నిలుకడగా నున్న రాత్రి, ఒకటిన్నర వికలవఱకు విడదీయగలదు. యెడమును, చిన్నచుక్క యున్న దిక్కును వ్రాసి తేదీ వేసినచో అది సాక్ష్యమగును. పదునైదేండ్ల పిమ్మట మఱియొకడు చూచినపుడే దానికి విలువ.

మా శిష్యుని పుస్తకములో అట్టి పుటలు చాల కలవు. నేడు వాషింగ్టనునందలి మహాపట్టికలో లక్షన్నరకు పైగా జంటలున్నవి. అందు పెక్కింటిని ఏండ్లతరబడి ఎవరును తిరిగిచూడలేదనియు, పెరటివారి కొలతలనుగూడ అచ్చట చేర్చుకొందురనియు అతడు చెప్పెను.

వసిష్ఠుని సంగతి అక్కడితో ముగియలేదు. ఆ రెండింటిలో పెద్దది తిరిగి జంటయని 1889లో హార్వర్డువారు కాంతిని విడగొట్టి చూచి తెలిసికొనిరి. చిన్నదియు జంటయే. 2009లో అరుంధతి ప్రక్కను సన్నని యెఱ్ఱచుక్క కనబడెను. వెరసి ఆరుగురు. ఇది విని మా యూరి పురోహితులు కొంత కలతపడిరి. "ఒక యింటిలో ఆరుగురున్నచో సంసారము చెడునా?" అంటిని. ఆయన నవ్వి ఊరకుండెను.

నేను పైని చెప్పిన 'క్సై' జంటకు ఒక ప్రదక్షిణకు పట్టు కాలము ఇంచుమించు అఱువదేండ్లు, మన ప్రభవాది సంవత్సర చక్రమంత. హెర్షెల్ దానిని 1780లో చూచెను. 2020 నాటికి నాలుగు చుట్లు ముగిసినవి. నేను పుట్టిననాడు ఆ చుక్కలు ఒకదానికొకటి ఏ దిక్కున నుండెనో, నా షష్టిపూర్తి నాటికి ఆ దిక్కునకే వచ్చినవి. ఆ దినమున నేను పీటలమీద కూర్చుండి కలశజలముతో స్నానము చేయుచుంటిని. అవి యున్నవనియే యెఱుగను.

చైత్ర వైశాఖములలో రాత్రి యెనిమిది తొమ్మిది గంటలవేళ, సప్తర్షుల నలుచదరమునుండి పుబ్బ నక్షత్రమువైపు చూపు మరలించినచో, మూడింట రెండుపాళ్ళ దారిలో రెండు చుక్కలు దగ్గఱగా కనబడును. అందు దక్షిణపుది యది. పోయిన వైశాఖమున దానిని చూచితిని. రెండు తెల్లని ముత్యములు, నడుమ సన్నని నలుపు. మా అన్నగారి మనుమరాలు ఆ నెల పుట్టింటికి వచ్చియుండెను. ఆమెను, ఆమె పెనిమిటిని బావిగట్టుకడకు పిలిపించి, ముందు వట్టి కంటితో అరుంధతిని చూపితిని. ఆ పిల్ల చాలసేపు చూచి, "కనబడినది తాతగారూ" అనినది.