దామెర్ల వారి చిత్రశాల

మనం చదువుకునే రోజుల్లో దామెర్ల రామారావుగారంటే రాజమండ్రిలో ఒక భవనం పేరు, అంతే. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ఆయన ప్రతిభ గుర్తించి బొంబాయి జె.జె. స్కూలుకు దారి చూపారు. అంత చదివీ బొంబాయిలో ఉండిపోక, సొంత ఊరొచ్చి 1923లో చిత్రకళాశాల పెట్టారు. రెండేళ్లకే, 1925లో, మశూచి తీసుకుపోయింది. 28 ఏళ్లు నిండలేదు!

మిత్రుడు వరదా వెంకటరత్నంగారు ఆ కళాశాలను నడిపారు, బొమ్మలు చెల్లాచెదురు కానివ్వలేదు. నాకు ఇదే పెద్ద సంగతి.

ఇంజనీరుగా ఒక దిగులు. అక్కడ చాలా బొమ్మలు కాగితం మీద నీటిరంగులు. తేమా, ఎండా రెండూ వాటికి పడవు. పక్కనే గోదావరి. ఈసారి ఊరొస్తే ‘పుష్పాలంకరణ’ చూశాక, గోడల్లో చెమ్మ ఉందేమో, పైకప్పు ఎలా ఉందో కూడా చూడండి.