తుపాకీ గుండులో సీసం: చందుర్తి నుండి మన చేపల వల దాకా

మన కోనసీమ నుండి గౌతమి దాటి ఉత్తరంగా వెళితే పిఠాపురం ప్రాంతంలో చందుర్తి గ్రామం ఉన్నది. 1758 డిసెంబరులో అక్కడ ఆంగ్లేయులకూ ఫ్రెంచివారికీ యుద్ధం జరిగింది. కర్నల్ ఫోర్డ్, విజయనగరం ప్రభువు ఆనంద గజపతిరాజు ఒక పక్షం; కాన్‌ఫ్లాన్స్ నాయకత్వంలోని ఫ్రెంచి సేన మరొక పక్షం. ఆ ఓటమితో ఉత్తర సర్కారులు ఫ్రెంచివారి చేజారడం మొదలైంది. ఈ కథ చరిత్ర పుస్తకాలలో మీరు చదివే ఉంటారు. వైద్యుడిగా నా దృష్టి మాత్రం నాటి సైనికుల సంచులలోని సీసపు గుండ్లపై నిలుస్తుంది. యుద్ధానికైనా, వేటకైనా సీసాన్నే ఎందుకు ఎంచుకున్నారు? ఆ ఎంపిక మన ఆరోగ్యానికి ఏమి మిగిల్చింది?

నాటి తుపాకీలో గొట్టం మూతి నుండే మందు పోసి, గుండు వేసి, కడ్డీతో దట్టించేవారు. ఆంగ్ల సైనికుని తుపాకీ గొట్టం వ్యాసం సుమారు 19 మిల్లీమీటర్లు. గుండు వ్యాసం దాదాపు 17.5 మిల్లీమీటర్లు, బరువు 30 గ్రాములకు పైమాటే. మసి పేరుకున్న గొట్టంలోకి గుండు సులువుగా జారాలంటే ఆ సందు తప్పనిసరి. అందువల్లనే గురి తప్పేది. ఇక సీసం బరువైనది, మెత్తనిది, ఇనుప గొట్టాన్ని అరగదీయదు. 327 డిగ్రీల సెల్సియస్ వద్దనే కరుగుతుంది కనుక కట్టెల పొయ్యి మీదనే గుండ్లు పోసుకోవచ్చు.

వేటగాళ్ళకు మరొక చిక్కు ఉండేది. మన అడవులలోని మగ కణుజు, అనగా సాంబరు దుప్పి, 200 కిలోలకు మించి తూగగలదు. అంతటి మృగాన్ని గాయపరచి వదలక ఒక్క దెబ్బకు పడగొట్టే గుండు ఏది? 1849లో ఫ్రెంచి అధికారి మినీయే, అడుగున బోలుగా ఉండే కోలగుండును రూపొందించాడు. మందు పేలగానే అది వ్యాకోచించి గొట్టంలోని మెలిగాళ్ళను పట్టుకునేది, గురి కుదిరేది. అయితే భారతదేశంలో పనిచేసిన సైనికాధికారి జేమ్స్ ఫోర్సిత్ 1860ల తొలినాళ్లలో ఇదే విషయంపై ఒక గ్రంథం వ్రాసి, పెద్ద మృగాలకు వెడల్పైన గుండ్రని గుండు, దండిగా మందు మేలని వాదించాడు. ఆ చర్చ నేటికీ సమసిపోలేదు. అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో ఎల్క్ అనే పెద్ద దుప్పిని ఈ రకపు తుపాకీతో వేటాడాలంటే గొట్టం వ్యాసం కనీసం అర అంగుళం ఉండాలన్నది నియమం.

వేటగాడు మెచ్చిన ఆ మెత్తదనమే శస్త్రవైద్యునికి శాపమైంది. క్రిమియా యుద్ధంలోనూ, 1861–65 అమెరికా అంతర్యుద్ధంలోనూ మినీయే గుండు ఎముకకు తగలగానే తాను చదునై, ఎముకను ముక్కముక్కలు చేసేది. బట్టపీలికలు, మట్టి గాయంలోకి చొచ్చుకుపోయేవి. కాలో చేయో తీసివేయడం తప్ప వైద్యులకు చాలాసార్లు మరో దారి లేకపోయింది.

గాయం కంటికి కనిపిస్తుంది, విషం కనిపించదు. సీసపు గుండు మృగంలో చితికినప్పుడు సన్నని రేణువులు మాంసంలో మిగులుతాయి. పాతకాలపు తుపాకీ వేగం తక్కువ కనుక రేణువులూ తక్కువే, కాని అసలు లేకపోవు. 2008లో అమెరికాలోని ఉత్తర డకోటాలో 738 మంది రక్తాన్ని పరీక్షించగా, వేట మాంసం తినేవారిలో సీసం మోతాదు ఎక్కువగా కనిపించింది. మన శరీరం సీసాన్ని కాల్షియంగా పొరబడి ఎముకలలో దశాబ్దాల పాటు దాచుకుంటుంది. పిల్లలలో అది మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. రక్తంలో ఇంత ఉన్నా ప్రమాదం లేదు అనదగిన మోతాదు లేనే లేదు. అందుకే నేడు అక్కడి వేటగాళ్ళలో పలువురు రాగి గుండ్లవైపు మళ్ళుతున్నారు.

"మాకు వేట ఎక్కడిది డాక్టరుగారూ?" అని మీరు అడగవచ్చు. నిజమే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కణుజు వేట నేడు నేరం. కాని చేపల వలకు బరువుగా కట్టే సీసపు గుండు కూడా అదే లోహం. దానిని పళ్ళతో కొరికి బిగించకండి. వంట పొయ్యి మీద, వంటగిన్నెలలో సీసం కరిగించకండి. ఆ ధూళి ఇల్లంతా పరచుకుంటుంది. వల బాగుచేసిన చేతులను సబ్బుతో కడుగుకొన్న తరువాతనే అన్నం ముట్టండి. గుండ్లను పసిపిల్లలకు అందనివ్వకండి. ఒకవేళ పిల్లవాడు మింగితే ఇంటి వైద్యాలతో కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

సులువుగా కరుగుతుందని మన పూర్వులు సీసాన్ని ఎంచుకున్నారు. అందులోని విషాన్ని లెక్కలోకి తీసుకోలేదు. మనకు ఆ సంగతి తెలుసు. కనుక జాగ్రత్త పడవలసింది మనమే.