పెరటి కొలనులో కలువలు: ఉప్పునీరు, దోమల బెడద లేకుండా పెంపకం

సముద్రతీరాన ఉన్న పుదుచ్చేరి పట్టణంలో పెరటి కొలనులో కలువలు పెంచదలచిన వారికి ప్రధానంగా రెండు సమస్యలు ఎదురవుతాయి. ఒకటి బోరు నీటిలోని ఉప్పు. రెండోది నిల్వ నీటిలో పెరిగే దోమలు. ఈ రెండింటినీ అదుపులో ఉంచగలిగితే, ఇక్కడి ఎండ, వెచ్చదనం కలువకు బాగా అనుకూలిస్తాయి.

కలువను తామరగా పొరబడటం సాధారణం. నీటిపై తేలుతూ, ఒకవైపు చీలిక ఉన్న ఆకు కలువది. నీటికి పైన ఎత్తుగా నిలిచే, చీలిక లేని గుండ్రని ఆకు తామరది. నల్లకలువ పగటిపూట వికసిస్తుంది. రాత్రి పూచే తెల్ల, ఎర్ర కలువలు మునిమాపు వేళ విచ్చుకుని, మర్నాడు పొద్దెక్కాక ముడుచుకుంటాయి. ఒక్కో పువ్వు సాధారణంగా మూడు, నాలుగు రోజులు నిలుస్తుంది.

నేడు కొలనుల్లో కనిపించే పలు రంగుల సంకర రకాలకు ఫ్రాన్స్‌తో అనుబంధం ఉంది. లాటూర్-మార్లియాక్ అక్కడ 1875లో నెలకొల్పిన నర్సరీ రంగురంగుల కలువలను రూపొందించింది. 1889 పారిస్ ప్రదర్శనలో వాటిని చూసిన చిత్రకారుడు క్లోద్ మోనే తర్వాతి కాలంలో తన జివెర్నీ తోటకు వాటిని తెప్పించుకున్నారు.

నాటే విధానం

రోజుకు కనీసం ఐదారు గంటలు నేరుగా ఎండ పడే చోటును ఎంచుకోవాలి. వెడల్పాటి తొట్టిలో బంకమట్టి నింపి, దుంప మొలక మట్టికి పైన ఉండేలా నాటాలి. పచ్చి పేడ, ఆకు ఎరువు కలిపితే నీరు కుళ్లి, పాచి పెరుగుతుంది. మట్టిపై గులకరాళ్లు పరిస్తే చేపలు మట్టిని కెలకవు. మొదట మొలకపై జానెడు నీరు చాలు. ఆకులు ఎదిగే కొద్దీ లోతు పెంచవచ్చు. నీటిని చిమ్మే ఫౌంటెన్‌కు కలువను దూరంగా ఉంచాలి.

నీటి నాణ్యత

ఎండకు నీరు ఆవిరైనా, అందులోని ఉప్పు అక్కడే మిగులుతుంది. తగ్గిన నీటిని మళ్లీ మళ్లీ ఉప్పటి బోరు నీటితో భర్తీ చేస్తే ఉప్పదనం పెరిగి, ఆకుల అంచులు మాడిపోతాయి. అందువల్ల వాన నీటిని నిల్వ చేసి వాడటం ఉత్తమం. పుదుచ్చేరిలో ఏటా కురిసే వర్షంలో సగానికి పైగా అక్టోబర్-డిసెంబర్ నెలల్లో ఈశాన్య రుతుపవనాల వల్లే లభిస్తుంది. క్లోరిన్ కలిపిన కుళాయి నీటిని ఒకటి రెండు రోజులు తెరిచి ఉంచిన తర్వాతే కొలనులో పోయాలి.

దోమల నివారణ

వెచ్చని వాతావరణంలో దోమ గుడ్డు వారం, పది రోజుల్లోనే దోమగా మారుతుంది. కలువ కొలనును వారానికోసారి ఎండబెట్టడం సాధ్యం కాదు. కనుక దోమ పిల్లలను తినే గప్పీ వంటి చేపలను పెంచాలి. వాటిని చెరువుల్లో, కాలువల్లో వదలరాదు. అవి స్థానిక జలచరాలకు ముప్పు కలిగించవచ్చు.

కొలనులోకి అంతరతామర, గుర్రపుడెక్క చేరకుండా చూడటమూ ముఖ్యమే. బోదకాలు వ్యాధిని వ్యాపింపజేసే మాన్సోనియా దోమ పిల్లలు వీటి వేళ్లను అంటిపెట్టుకుని ఊపిరి పీల్చుకుంటాయి. పుదుచ్చేరిలో 1975లో ఏర్పాటైన వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్, కేరళలోని చేర్తలలో ఈ వ్యాధి నియంత్రణకు నీటి కలుపు తొలగింపును ఒక మార్గంగా అమలు చేసింది.

నిత్య సంరక్షణ

పసుపు రంగుకు మారిన ఆకులను, వాడిన పూలను కాడలతో సహా తీసివేయాలి. నీటి ఉపరితలంలో సుమారు మూడింట రెండు వంతులకు మించి ఆకులు కమ్ముకోకుండా చూడాలి. పేనుబంక సోకితే పురుగు మందు చల్లక, నీటి ధారతో కడిగివేయాలి. మందు చేపలను చంపుతుంది. చేపలు లేకపోతే దోమలు తిరిగి వస్తాయి. ఏడాది, రెండేళ్లకోసారి దుంపలను విడదీసి కొత్త మట్టిలో నాటితే పూత తగ్గదు.

భారీ వర్షాల్లో చేపలు కొట్టుకుపోకుండా, నీరు పొర్లే మార్గానికి జల్లెడ అమర్చాలి. చిన్నపిల్లలున్న ఇళ్లలో కొలను చుట్టూ కంచె గానీ, పైన గట్టి వల గానీ తప్పనిసరి.