ఫెడరేషన్‌కు పట్టని జట్టు: భారత మహిళల ఫుట్‌బాల్ తొలి రోజులు

భారత మహిళల ఫుట్‌బాల్ జట్టు ఆసియాలో రెండో స్థానంలో నిలిచింది రెండే సార్లు: 1980లో, 1983లో. ఆ రెండు సార్లూ జట్టును నడిపింది అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య (ఏఐఎఫ్‌ఎఫ్) కాదు. ఆడవాళ్ల ఆట దానికి పట్టలేదు. 1975లో విడిగా ఏర్పడిన భారత మహిళా ఫుట్‌బాల్ సమాఖ్యే ఆ భారం మోసింది. తొలి కోచ్ సుశీల్ భట్టాచార్య.

1980 జనవరిలో కాలికట్‌లో జరిగిన ఆసియా టోర్నీలో ఆతిథ్య దేశంగా భారత్ రెండు జట్లను దింపింది. వాటిలో ఒకటి ఫైనల్‌కు చేరి తైవాన్ చేతిలో ఓడింది. 1981లో హాంకాంగ్‌లో మూడో స్థానం, 1983లో బ్యాంకాక్‌లో మళ్లీ ఫైనల్. ఆ ఏడాదే బెంగాల్ క్రీడాకారిణి శాంతి మల్లిక్‌కు అర్జున అవార్డు వచ్చింది. ఫుట్‌బాల్‌లో మరో మహిళకు, మణిపూర్‌కు చెందిన బెంబెం దేవికి, అది దక్కింది 2017లో. మధ్యలో 34 ఏళ్లు.

1990ల మొదట్లో మహిళల ఆట ఏఐఎఫ్‌ఎఫ్ కిందికి వచ్చింది. గుర్తింపు వచ్చింది కదా అని ఆట పెరగలేదు. మ్యాచ్‌లే లేకపోవడంతో 2009లో ఫిఫా తన ర్యాంకింగ్స్ నుంచి భారత్‌ను తీసేసింది.

గుర్తింపు అనేది పరువుకు సంబంధించిన మాట మాత్రమే కాదు. కొల్లాపూర్ హాస్టల్లో చదివే దళిత, ఆదివాసీ అమ్మాయికి ఆట సర్టిఫికెట్ అంటే స్పోర్ట్స్ కోటా, రైల్వేలోనో పోలీసులోనో ఉద్యోగం. ఏ సంఘం ఆడించింది, దాన్ని ప్రభుత్వం లెక్కలోకి తీసుకుంటుందా అన్నదాని మీద ఒక ఇల్లు నిలబడుతుంది.

ఆ తొలితరంలో ఏ కులాల వాళ్లు ఎంతమంది? పాత స్కోర్లు ఆ సంగతి చెప్పవు. ఇంటిపేరు చూసి కులం ఊహించడం పరిశోధన అనిపించుకోదు, మన వైపు నుంచి చేసినా సరే. ఆ క్రీడాకారిణులను అడిగి రాసుకోవాల్సిన చరిత్ర ఇది. వాళ్లలో చిన్నవాళ్లు కూడా అరవై దాటుతున్నారు.

మన దగ్గర ఫుట్‌బాల్ చరిత్ర అనగానే మగవాళ్ల కథే: రహీం సాబ్, హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 ఆసియా క్రీడల స్వర్ణం. ఆ కథలో అమ్మాయి కనిపించదు. జాతీయ మహిళల జట్టులో తెలంగాణ పేరు గట్టిగా వినిపించింది హైదరాబాద్ మైదానాల నుంచి కాదు, నిజామాబాద్ జిల్లా లంబాడీ కుటుంబం నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్యతో. 2024–25 సీజన్‌కు ఏఐఎఫ్‌ఎఫ్ ఉత్తమ క్రీడాకారిణి ఆమే. 2025 జూలైలో థాయిలాండ్‌ను వాళ్ల గడ్డ మీదే 2–1తో ఓడించి, క్వాలిఫయర్స్ ఆడి ఆసియా కప్‌కు అర్హత సాధించిన తొలి భారత మహిళల జట్టు ఆమె తరానిదే.