కాల్చేది ఎండలోని వేడి కాదట!

పొద్దంతా పొలంలో వంగి పని చేసొచ్చాక రాత్రికి మెడ, చేతులు భగ్గుమంటుంటే ఏమంటాం? "ఎండ వేడికి కమిలిపోయింది" అంటాం. మనమే కాదు, పెద్దపెద్ద డాక్టర్లు కూడా ఒకప్పుడు అలాగే అనుకున్నారు. అసలు సంగతి తేలడానికి దాదాపు తొంభై ఏళ్లు పట్టింది. ఆ కథ తెలిస్తే మంట మీద ఏం పెట్టాలో, ఏం పెట్టకూడదో కూడా అర్థమవుతుంది.

1801లో జర్మనీలో రిట్టర్ అనే ఆయన ఎండని గాజుతో రంగులుగా విడగొట్టి, వెండి ఉప్పు పూసిన కాగితం మీద పడేలా చేశాడు. ఊదా రంగు అయిపోయాక, కంటికి ఏ వెలుగూ కనపడని చోట కాగితం బాగా నల్లబడింది. అంటే ఎండలో మనకు కనపడని కిరణాలు కూడా ఉన్నాయి. వాటినే ఇప్పుడు అతినీలలోహిత కిరణాలు అంటున్నారు.

తర్వాత 1820లో ఎవరార్డ్ హోమ్ అనే సర్జన్ చేసిన పని చూడండి, నాకు ఇదే బాగా నచ్చింది. మిట్టమధ్యాహ్నం రెండు చేతులూ ఎండలో పెట్టాడు. ఒకటి ఉత్తది, ఇంకోదాని మీద నల్లగుడ్డ. రెండిటికీ థర్మామీటర్లు పెట్టాడు. నల్లగుడ్డ కిందే వేడి ఎక్కువ చూపించింది. కానీ కమిలింది మాత్రం ఏ గుడ్డా లేని చెయ్యి! మిరప కోతకెళ్లే మన ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల పాత చొక్కా తొడుక్కుంటారు చూడండి, ఉడకపోసినా సరే విప్పరు. వాళ్లకు ఈ లెక్క ఏ సర్జనూ చెప్పలేదు.

1858లో పారిస్‌లో షార్కో అనే డాక్టరు ఇంకోటి గమనించాడు. కరెంటు మెరుపుతో ప్రయోగాలు చేసిన ఇద్దరికి ఒంటికి వేడి తగలకపోయినా ముఖం కమిలింది, కళ్లు మండాయి. వెల్డింగ్ దగ్గర నిలబడ్డోళ్లకు ఇది తెలిసిందే. చివరికి 1889లో స్వీడన్ డాక్టరు విడ్‌మార్క్ ఆ కనపడని కిరణాలే చర్మాన్ని కాలుస్తాయని రుజువు చేశాడు.

ఇంత ఆలస్యం ఎందుకైందంటే, ఈ కాలుడు వెంటనే కనపడదు. నిప్పు తగిలితే అప్పుడే చుర్రుమంటుంది. ఇది కొన్ని గంటల తర్వాత ఎర్రబడి, ఒక రోజు గడిచేసరికి ముదురుతుంది. మబ్బు పట్టిన రోజు కూడా రావచ్చు. "మనది నల్ల తోలు, మనకేం కాదులే" అనేవాళ్లున్నారు. నలుపు కొంత కాపాడుతుంది, పూర్తిగా కాదు. మన ఒంటి మీద ఎరుపు సరిగా కనపడదు, మంట, బిగుతు, పొట్టు రేగడం చూసే గుర్తుపట్టాలి.

ఇక మందు సంగతి. లోపల వాపు గంటల తరబడి నడుస్తుంది కాబట్టి ఒక్కసారి కడిగి ఊరుకుంటే చాలదు. చల్లటి నీళ్లలో ముంచిన గుడ్డ మాటిమాటికీ వెయ్యండి. ఐసుముక్క నేరుగా పెట్టొద్దు. నెయ్యి, వెన్న, టూత్‌పేస్టు అసలు వద్దు, జిడ్డు పొర కింద వేడి ఉండిపోతుంది. దిష్టికి గుమ్మానికి కట్టే కలబంద ఉందిగా, దాని గుజ్జు హాయిగానే ఉంటుంది. 1935లో అమెరికాలో ఎక్స్‌రే కిరణాలకు కాలిన చర్మానికి డాక్టర్లు తాజా కలబంద ఆకు వాడి బాగుందని రాశారు. అయితే ఎండ కమురుకి అది పెద్ద మందని గట్టి రుజువు లేదు, చల్లదనమే దాని పని. కోసాక కారే పసుపు జిగురు మాత్రం కడిగెయ్యండి, అది దురద పెడుతుంది. మెడికల్ షాపులో దొరికే కాలమైన్ లోషన్ కూడా పనికొస్తుంది. బొబ్బలు వస్తే చిదమొద్దు. నీళ్లు, మజ్జిగ బాగా తాగాలి.

బొబ్బలు ఎక్కువైనా, జ్వరం, వాంతులు, తల తిరగడం ఉన్నా, పసిపిల్లలకు వచ్చినా గుడ్డలు తడుపుతూ కూర్చోకండి, ఆస్పత్రికి తీసుకెళ్లండి. మనిషి మాట తడబడుతుంటే అది వడదెబ్బ కావచ్చు. నీడకి చేర్చి, ఒళ్లంతా తడుపుతూ 108కి ఫోన్ చెయ్యండి.